జూన్ ఎండలో హీటర్

నా చిన్నప్పుడు మా ఇంట్లో రాత్రుళ్ళు అమ్మ ఉండేది కాదు. ఆమె నర్సు. ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో టెంపరరీ ఉద్యోగం. పర్మనెంటు వాళ్ళు వద్దన్న రాత్రి డ్యూటీలన్నీ టెంపరరీ వాళ్ళ నెత్తిన పడేవి. నాన్న ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. గుంటూరు వైపు నుంచి వచ్చి మయూర్ విహార్ ఫ్లాట్లలో స్థిరపడ్డ కుటుంబం మాది. పొద్దున్నే అమ్మ వచ్చి, చెప్పులు విడిచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళేది. మా టిఫిన్లు, నాన్న క్యారేజీ అయ్యాక మంచం మీద వాలేది. నిద్రపోయేదని మాత్రం అనలేను. డోర్ బెల్లో, కూరగాయల బండివాడో, మా తమ్ముడో, ఎవరో ఒకరు ఆమెను లేపుతూనే ఉండేవారు.

అలాంటి రోజుల్లో గుర్గావ్‌లో కొత్తగా పెట్టిన ఒక ఆసుపత్రి నుంచి ఆమెకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. పర్మనెంటు ఉద్యోగం, పగటి డ్యూటీ, ఇంటి దగ్గరికే ఆసుపత్రి బస్సు. మధ్యాహ్నం పన్నెండు లోపల చేరాలి, ఆలస్యమైతే లోపలికి రానివ్వరు. జీతం ఎంతో మాకు పట్టలేదు. అమ్మ రాత్రి ఇంట్లో పడుకుంటుందన్న ఒక్క మాటకే నేనూ తమ్ముడూ ఎగిరి గంతులేశాం.

ఆ ముందు రాత్రి కూడా ఆమెకు డ్యూటీ తప్పలేదు. వచ్చి, స్నానం చేసి, గంజి పెట్టిన తెల్ల చీర కట్టుకుని, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు ప్రార్థన చేసుకుంది. వేసవి సెలవులు కావడంతో మమ్మల్ని వదిలి వెళ్ళే దారి లేక మా ఇద్దర్నీ వెనక సీట్లో కుక్కారు. కారు మాదే. నాన్న ఆఫీసులో ఎవరో అమ్మేస్తుంటే కొన్న పాత చిన్న కారు. దాని మీద ఈగ వాలినా నాన్న ఊరుకునేవాడు కాదు.

ఆశ్రమ్ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిపోగానే వేడి చూపించే ముల్లు పైకి లేచింది. మళ్ళీ కదలగానే దిగింది. మోతీబాగ్ దగ్గర ఆగినప్పుడు ఇంకాస్త లేచింది, కదిలాక దిగింది. అమ్మ చూసి చెబితే, ముల్లే పాడైందని నాన్న తేల్చేశాడు. ధౌలాకువా చేరేసరికి ముందు ఫ్లైఓవర్ పనులు, వెనక బస్సులు, అడుగు కదలని జనం. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమని లేచింది. వెనకవాడి హారన్లూ, "అరే భాయ్, సైడ్ మే లగావ్!" అన్న కేకలూ వింటూ కారును పక్కకు తోశాం. తోసిన వాళ్ళలో గంజి చీర కట్టుకున్న మా అమ్మ కూడా ఉంది.

నాన్నకు ఎక్కడలేని కోపం వచ్చింది. నిన్న డ్యూటీ మార్చుకుని ఉంటే పొద్దున్నే బయల్దేరేవాళ్ళం కదా అని అమ్మ మీద విరుచుకుపడ్డాడు. ఇంజిను కాగడానికీ, ఆమె డ్యూటీకీ ఏమిటో సంబంధం! అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అదన్నమాట. అమ్మ వెళ్తున్న ఆటోలకు చెయ్యెత్తింది. ఒకడు ఆగి, "గుర్గావ్? హర్యానా నహీ జాయేగా, దీదీ" అని, ఢిల్లీ దాటి రానంటూ వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు అసలు ఆగనే లేదు. మెట్రో అప్పటికింకా అటువైపు రాలేదు.

ఈలోగా నాన్న గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయాడు. అమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోకండి! లోపల నీళ్ళు మసులుతున్నాయి. మొహం కాలుతుంది."

"మరి నీ ఇంటర్వ్యూ?"

"చల్లారనివ్వండి. ముందు ఇది చెప్పండి, నడిచేటప్పుడు ఎక్కుతోందా, ఆగినప్పుడా?"

నాన్న విసుక్కున్నాడు. ఆమె వదల్లేదు. జ్వరం పొద్దున్న వస్తోందా, సాయంత్రం వస్తోందా అని రోగిని అడిగే గొంతుతోనే మళ్ళీ అడిగింది. ఆయన ఆలోచించి, ఆగినప్పుడేనని ఒప్పుకున్నాడు. ఆ మాట బయటికి అనగానే సగం సంగతి ఆయనకే తెలిసిపోయింది. కారు పరిగెత్తుతుంటే ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని దానికి బిగించిన ఫ్యాన్ చేయాలి. ఆ ఫ్యాన్ చప్పుడు పొద్దున్నుంచీ మాలో ఎవరమూ వినలేదు.

చల్లారేదాకా, అక్కడివాళ్ళు లూ అనే వడగాలిలో నిలబడ్డాం. తర్వాత మూత మెల్లగా తీసి, చల్లటి నీళ్ళు అమ్మే బండి భయ్యా నింపిచ్చిన డబ్బాతో కొంచెం కొంచెంగా నీళ్ళు పోశారు. ఎక్కడా కారడం లేదు. నాన్న ఫ్యూజు తీసి చూశాడు, బాగానే ఉంది. ఇంజిను నడుపుతూ, స్క్రూడ్రైవర్ పిడితో ఫ్యాన్ మోటారు మీద తట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మోటారు కాలిపోయింది, రోడ్డు మీద బాగయ్యే పని కాదు.

అప్పుడు నాన్న తటపటాయిస్తూ ఒక మాటన్నాడు. చలికాలంలో మనం వేసుకునే హీటరుకు వేడి ఈ ఇంజిన్లోంచే వస్తుంది. అది పూర్తిగా తిప్పితే ఇంజిను వేడి కొంత మన మీదికి వచ్చేస్తుంది, ముల్లు అదుపులో ఉండొచ్చు. కానీ జూన్ నెల, ఈ చీర, ఈ ఇంటర్వ్యూ.

"వేసేయండి," అంది అమ్మ.

ఆ ప్రయాణం గురించి ఏం చెప్పను! కిటికీల్లోంచి లూ, కాళ్ళ దగ్గర్నుంచి హీటరు. తమ్ముడు "పాపా, బంద్ కరో నా!" అని, హీటరు ఆపమని నాన్న మీద ఏడుపు లంకించుకున్నాడు. ఇంట్లో ఎంత తెలుగు మాట్లాడినా వాడికి ఏడుపు హిందీలోనే వచ్చేది. సిగ్నల్ పడ్డ ప్రతిసారీ నాన్న ఇంజిను ఆపేవాడు, పచ్చదీపం రాగానే మళ్ళీ తిప్పేవాడు. ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అమ్మ మొహాన పౌడరు చారలు కట్టింది. ముల్లు మాత్రం సగం దాటలేదు. దారి పొడుగునా నాన్న ఒక్కసారి కూడా ఆమెను తిట్టలేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి కదా.

పన్నెండుకు ఇంకాస్త టైముండగా గేటు దగ్గర దిగింది. కొంగుతో మొహం తుడుచుకుని, నలిగిన కుచ్చిళ్ళు సర్దుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళింది. మేము చెట్టు నీడన కారు పెట్టుకుని కూర్చున్నాం.

చాలాసేపటికి వచ్చింది. ముందు సీట్లో కూర్చుని, తలుపైనా వేసుకోకుండా, చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను అంతవరకూ చూడలేదు. 

"పోయిందా?" అన్నాడు నాన్న, గొంతు తగ్గించి.

"లేదు. బాగానే చెప్పాను. వచ్చేటట్టే ఉంది."

"మరి ఏడుస్తావేమిటే?"

"అలిసిపోయానండీ. ఇంకేం లేదు."

నాన్న డ్యాష్‌బోర్డు మీదున్న పాత పేపరు తీసి, నాలుగు మడతలు పెట్టి ఆమెకు విసరడం మొదలుపెట్టాడు. ఏడుపు మెల్లగా తగ్గి, అమ్మ తల సీటుకు వాల్చి నిద్రపోయింది. ఆయన విసురుతూనే ఉన్నాడు. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో విసిరాడు. తమ్ముడు "ఘర్ కబ్ జాయేంగే?" అంటూ ఇంటికెప్పుడు వెళ్తామని అడిగితే పెదవి మీద వేలు పెట్టాడు. ఎండ తగ్గేదాకా మేము అక్కడే ఉన్నాం.

ఆ ఉద్యోగం వచ్చింది. ఆదివారం నాడు మెకానిక్ మోటారు విప్పి, లోపల మాడిపోయిన తీగ చూపించి, వేరే మోటారు బిగించాడు. నాన్న కోపం ఎక్కడికీ పోలేదు, పుట్టుకతో వచ్చింది మరి. కానీ అమ్మ పడుకుని ఉంటే మాత్రం డోర్ బెల్ మోగకముందే వెళ్ళి తలుపు తీసేవాడు.

ఇప్పుడు నా తలలోనూ తెల్ల వెంట్రుకలు వచ్చాయి. నాకూ సంసారముంది, ఆఫీసుంది, ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమై ఉంటుంది. అయినా, రోజంతా పరుగులు పెట్టిన మనిషి ఎవరైనా ఉన్నట్టుండి కూలబడితే, ఏమైందని గుచ్చి గుచ్చి అడగను. పోయి పక్కన కూర్చుంటాను. పరిగెత్తే మనిషికి గాలి దానంతటదే తగులుతుంది. ఆగినప్పుడే ఎవరో ఒకరు విసరాలి.