సాగిన చైను

మెట్ల కింద ఇరుకు కొట్టులో వాచీలు బాగుచేసే ఆయన జీవితంలో అబద్ధాలు ఆడకపోలేదు. "రేపు రండి, తయారుగా ఉంటుంది" అనడం ఆ వృత్తిలో అబద్ధం కింద లెక్కకు రాదు. పెళ్ళాంతో ఆడింది మాత్రం ఒకటే. అది చైను గురించి.

ఆమెది బడిలో గంట కొట్టే ఉద్యోగం. పిల్లలూ పెద్దలూ గంటమ్మ అనేవారు. పెళ్ళయిన కొత్తలో అతను పాత సరుకులోంచి ఏరి, మెరుగుపెట్టి ఇచ్చిన మగవాళ్ళ స్టీలు వాచీ ఎప్పుడూ ఆమె ఎడమచేతికి ఉండేది. "గంటలు కొట్టేదాన్ని నేను, గడియారాలు బాగుచేసేవాడివి నువ్వు. మనింట్లో అన్నం మాత్రం ఏనాడూ వేళకి ఉడకదు" అని తనే నవ్వేది.

జబ్బుపడ్డాక ఒక పొద్దున ఆ వాచీ జారి అరచేతి మీదికొచ్చింది. మంచం మీద కూర్చునే చెయ్యెత్తి చూపించింది.

"ఏమయ్యా, ఇదేంటి, గాజులాగా ఆడుతోంది?"

సాగింది చైను కాదనీ, చిక్కింది చెయ్యనీ అతనికి చూడగానే తెలిసింది. మణికట్టు ఎముక పక్కన కొత్తగా గుంట పడింది. నోటికి మాత్రం వేరే మాట వచ్చింది.

"చైను సాగిందే. ఎన్నాళ్ళ సరుకు! ఒక లింకు తీస్తే సరి."

తీశాడు. కొన్నాళ్ళకి మళ్ళీ జారింది, మళ్ళీ తీశాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతికింది, ఎందుకంటే చైను నిజంగానే కొంత అరిగింది. లింకులను కలిపే పిన్నులు సన్నబడ్డాయి, లాకు నాలుక వదులైంది. తీసిన లింకులను కొట్టులో ఒక రేకు డబ్బాలో వేసి, ఆ డబ్బాని సొరుగు అడుక్కి తోసేవాడు.

ఆ రకం చైనులో అన్ని లింకులూ ఊడవు. వెనకవైపు బాణం గుర్తు ఉన్నవే ఊడతాయి. మిగతావి తయారీలోనే కలిపి కొట్టేసినవి. చివరి బాణం లింకు కూడా తీసిన రోజున ఆమె అంది:

"అస్తమానం పీకుతూ పోతే ఏం మిగుల్తుంది? అరిగిన సామాను మార్చు. సెలవులైపోయి బడి తెరిచేసరికి ఇది నా చేతికి గట్టిగా ఉండాలి. వాచీ లేకుండా గంటెలా కొట్టను?"

బడి తెరిచే మాట అంతకుముందు అతను డాక్టరు దగ్గర ఎత్తాడు. డాక్టరు బల్లమీద కాగితాలు సర్దుకున్నాడు.

"సరే, తెస్తాను" అన్నాడు అతను.

ఆ వాచీ కంపెనీ మూతపడి చాలా కాలమైంది. పాత సామాను అమ్మే సందులన్నీ కాళ్ళరిగేలా తిరిగాడు. వరసగా డబ్బాలు పేర్చుకుని కూర్చునే ఒక వ్యాపారి, అందరూ డబ్బాలాయన అంటారు, చైను చూసి పెదవి విరిచాడు.

"దీనికి పిన్నులా? దీని తాత దిగొచ్చినా దొరకవు. కొత్త చైను వేసెయ్ గురూ."

"మా ఆవిడది."

"అయితే కొత్తది వేసి, పాతదాన్నే మెరుగుపెట్టానని చెప్పు. పెళ్ళాలతో అబద్ధాలు మనకేం కొత్తా?"

అక్కడున్నవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. "దొరికితే దాచిపెట్టు" అని వచ్చేశాడు.

సాయంత్రం ఇంటికెళ్ళి "దొరకలేదే" అనేవాడు. "రేపు ఇంకో పక్క చూడు" అనేది ఆమె. ఎక్కడెక్కడ తిరిగాడో, ఎవరేమన్నారో అడిగి చెప్పించుకునేది. డబ్బాలాయన మూతివిరుపు అతను చేసి చూపిస్తే దగ్గొచ్చేదాకా నవ్వేది. ఆ మధ్యకాలంలో వాళ్ళకు కాస్త బాగా గడిచినవి ఆ సాయంత్రాలే.

సెలవులు ముగిసే ముందు డబ్బాలాయన కబురు పెట్టాడు. అదే రకం వాచీ, లోపలి మిషను పోయిన పీనుగ, ఎవరూ పెద్దగా పెట్టుకోని చైనుతో సహా దొరికింది.

కొట్టులో బల్లముందు కూర్చుని అతను చాలాసేపు చెయ్యి కదపలేదు. అరిగినవన్నీ మార్చేస్తే ఇక తప్పు చైను మీదికి నెట్టడానికేం ఉండదు. నాలుగైదు పిన్నులు పాతవే వదిలేద్దామనుకున్నాడు. అలా అనుకుంటూనే భూతద్దం కంటికి బిగించాడు. కానీ చేతులు ఆ మాట వినలేదు. వదులు పిన్ను తగిలితే వదిలెయ్యడం వాటికెప్పుడూ నేర్పలేదు. ఒక్కోటీ తట్టి తీసి, గూడు తుడిచి, కొత్తది దింపుకుంటూ పోయాయి. లాకు నాలుక కూడా మార్చేశాడు. అలవాటుగా చైనుని పక్కవాటంగా గాల్లో పట్టుకుని చూశాడు. అరిగిన చైను ఉట్టిలా కిందికి వంగుతుంది. ఇది స్కేలు బద్దలా నిలబడింది. అప్పుడు తెలిసింది, ఏం చేశాడో.

ఇంటికి తీసుకెళ్ళక తప్పలేదు. ఆమె కూడా దాన్ని అలాగే పక్కవాటంగా పట్టుకుని చూసింది.

"కొత్తదానిలా ఉందయ్యా."

తొడుక్కుంది. లాకు టిక్కున పడింది. చెయ్యెత్తితే వాచీ మోచేతిదాకా పోయింది. దించితే వేళ్ళమీదుగా జారి దుప్పటి మీద పడింది. ఇద్దరూ దానివైపే చూశారు.

"సాగిన చైనుకి పిన్నులు మారుస్తారు. లింకులు తియ్యరు" అంది ఆమె. "నీ కొట్టు ముందు స్టూలేసుకుని ఇన్నేళ్ళు కాపరం చేశాను. అంతమాత్రం తెలీదా?"

"తెలిసీ నన్నెందుకు తిప్పావే అన్ని సందులూ?"

"దొరకవనుకున్నాను."

కోపంగా అనలేదు. వాచీ తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇంకో లింకు తియ్యి."

అతను కిటికీ దగ్గరికి వెళ్ళి చైనుని వెలుతురుకి పట్టాడు. ఒక్కో లింకూ వెనక్కి తిప్పి చూశాడు. బాణం ఎక్కడా లేదు. లేదని ముందే తెలుసు.

"ఉందా?" అంది ఆమె మంచం మీంచి.

"చూస్తున్నా."

జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించుకుని, మళ్ళీ మొదటి లింకు దగ్గర్నుంచి చూడ్డం మొదలుపెట్టాడు.