గీతల్లో లేని అబ్బాయి

తమిళనాడు ధర్మపురిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మేడ మీద మెదడు, నరాల పరీక్షలు చేసే టెక్నీషియన్‌ని నేను. తలకు వైర్లు అంటించి ఈఈజీ తీస్తాను. ఊళ్ళో నా పేరు మాత్రం ‘కరెంటు పెట్టే ఆమె’. ఈఈజీలో మేము తలలోకి కరెంటు పంపమనీ, తలలో పుట్టేదాన్నే గీతలుగా రాసుకుంటామనీ రోజూ చెబుతాను. జనం శ్రద్ధగా విని, “ఎన్ని వోల్టులు పెడతారు?” అని అడుగుతారు.

ఆ రోజు పెరియంపట్టి వైపు నుంచి ఒక చింతపండు వ్యాపారి, భార్యను, ప్లస్ టూ చదివే కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. నాతో తమిళంలో మొదలుపెట్టాడు. భార్యతో తెలుగులో గుసగుసలాడటం విని నేనూ తెలుగులో పలకరించేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. ఈ ఊళ్ళో తెలుగు ఇంట్లోనే కదా, బయట దొరికిన తెలుగు మనిషి చుట్టం కిందే లెక్క. చుట్టానికి రహస్యాలు చెప్పుకోవచ్చు, వరుసలో ముందుకు పంపమని అడగొచ్చు. ఆయన రెండూ చేశాడు.

కూతురిని బెంచీ మీద కూర్చోబెట్టి నన్ను తలుపు పక్కకు పిలిచాడు.

“నువ్వు మనవాళ్ళ బిడ్డవి, అందుకే చెప్తా ఉండానమ్మా. పాప చదువుతా చదువుతా అట్లే నిలిచిపోతాది. కన్ను తెరిచే ఉంటాది, పిలిస్తే పలకదు. ప్రేమా కాదలూ కాకుంటే ఇంకేంది? వాడెవడో ఆ మిషన్లో చూసి చెప్పు. పేరు చాలు, మిగిలింది నేను చూసుకుంటా.”

“పేర్లు రావన్నా. గీతలే వస్తాయి.”

“ఆ గీతలు చదివేది నువ్వే కదా?”

నా డిప్లొమా మీద మా అమ్మకు కూడా అంత నమ్మకం లేదు.

ఇక్కడికి రాకముందే వాళ్ళు చాలా వైద్యం చేశారు. పిల్ల దగ్గర ఫోను లాక్కున్నారు. ట్యూషన్ మాన్పించారు. మొరప్పూర్‌లో సోది చెప్పేవాడొకడు అబ్బాయి పేరు ‘స’తో మొదలవుతుందన్నాడట. ఆ అక్షరంతో పక్కింట్లో ఒక పిల్లవాడు దొరికాడు. ఈయన వెళ్ళి వాడినీ, వాడి తండ్రినీ వీధిలో నిలబెట్టి తిట్టి వచ్చాడు. చివరికి బడిలో లెక్కల టీచరమ్మ, “డాక్టర్‌కు చూపిస్తేగానీ బడికి పంపొద్దు” అని పట్టుబడితే ఇక్కడికి వచ్చారు.

తల్లిని మాత్రం లోపలికి రానిచ్చాను. టేపుతో తల కొలిచి, గుర్తులు పెట్టి, జిగురుతో వైర్లు అంటిస్తుంటే ఆ పిల్ల మెల్లగా అంది. “అక్కా, నాకు ఎవురూ లేరు. ఆ టయింలో ఏమైతాదో నాకే తెలీదు. సినిమా నడుమ ముక్క కత్తిరించినట్ల ఉంటాది.”

“చెప్పినావా ఇంట్లో?”

“చెప్తే నటిస్తా ఉండావన్నారు.”

పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నాను, తెరవమన్నాను. తర్వాత గట్టిగా, లోతుగా ఊపిరి పీల్చి వదలమన్నాను. రెండో నిమిషంలో ఊపిరి పీల్చడం ఆగింది. కళ్ళు తెరుచుకుని పైకప్పును చూస్తున్నాయి. తెర మీద అన్ని గీతలూ ఒక్కసారిగా లేచి, కొలిచినట్టు ఒకే ఎత్తులో ముళ్ళూ అలలూగా పరుగెత్తాయి. ఇలాంటప్పుడు మేము ఒక మాట చెప్పి, తర్వాత గుర్తుందా అని అడుగుతాం. “మామిడికాయ” అన్నాను గట్టిగా. పలకలేదు. తల్లి “పాపా, పాపా” అని చెయ్యి పట్టుకుని ఊపింది. పలకలేదు. పది క్షణాలు గడిచాక ఏమీ జరగనట్టు మళ్ళీ ఊపిరి పీల్చడం మొదలుపెట్టింది.

“ఇప్పుడు నేనొక మాట చెప్పినాను. ఏమది?”

“మీరేం చెప్పలేదే అక్కా!”

తల్లి గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఫలితం చెప్పడం నా పని కాదు, డాక్టర్‌ది. సేలం నుంచి వారానికి రెండుసార్లు వచ్చే ఆయన అదృష్టవశాత్తు ఆ రోజు కిందే ఉన్నాడు. గీతలు చూసి, ఇదీ ఒకరకం వలిప్పే, అంటే మూర్ఛేననీ, ఇందులో కింద పడటం, నురగ రావడం ఉండవనీ, కొన్ని క్షణాలు మనిషి ఆగిపోతుందనీ, మాత్రలతో చాలావరకు అదుపులో ఉంటుందనీ వాళ్ళకు వివరించాడు.

కాసేపటికి తండ్రి ఒక్కడే మేడెక్కి నా గదికి వచ్చాడు. “అమ్మా, ఆ వలిప్పు మాట రిపోర్టులో లేకుండా చెయ్యి. వీక్‌నెస్ అని రాయి.”

“అబ్బాయి పేరు వచ్చుంటే మీకు సంతోషంగా ఉండేదా అన్నా?” ఒళ్ళు మండి అడిగాను.

“అబ్బాయైతే కొట్టి తరిమేస్తా. దీనికి ఎవుర్ని కొట్టేది?”

అప్పటిదాకా ఆయన్ను చూసి లోలోపల నవ్వుకుంటూనే ఉన్నాను. ఆ మాటకు నవ్వు రాలేదు. రిపోర్టు మాత్రం మార్చలేదు. ఇంతలో వెనకే భార్య మెట్లెక్కి వచ్చింది.

“నేను కళ్ళారా చూసినాను. ఇంక నువ్వు నోరు మూసుకోని, మాత్తిర ఎక్కడ దొరుకుతాదో చూడు, పో!” అంది. ఆయన పోయాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె దాచుకున్న గొంతంతా ఆ మెట్ల మీదే వాడేసిందనుకుంటాను.

కొన్ని నెలలకు మళ్ళీ పరీక్షకు వచ్చారు. గీతలు నెమ్మదించాయి, ఆగిపోవడమూ పోయింది. ఫోను తిరిగి ఇచ్చారట, ట్యూషన్‌కూ పంపారట. పక్కింటి పిల్లవాడికి ఎవరైనా క్షమాపణ చెప్పారా అని అడిగితే, తండ్రి గోడ మీది క్యాలెండర్ తేదీలు చదవసాగాడు.

పోయిన ఆవణిలో, ఇక్కడి పెళ్ళిళ్ళ నెలలో, ధర్మపురిలో ఒక పెళ్ళిలో ఆ కుటుంబం కనబడింది. తండ్రి నన్ను చూసి, చూడనట్టు పందిరి దీపాలు లెక్కపెట్టుకున్నాడు. ఆయనకు నేను తెలుసంటే, ఎలా తెలుసని నలుగురూ అడుగుతారు కదా! పిల్ల మాత్రం నేరుగా వచ్చి భోజనాల బంతిలో నా పక్కన కూర్చుంది. సేలంలో కాలేజీలో చేరిందట.

“పొద్దున బస్సు తొప్పూరు ఘాట్ దిగేటప్పుడు సరిగ్గా అమ్మ ఫోన్ చేస్తాదక్కా. ‘మాత్తిర వేసుకుంటివా?’ అని అరుస్తాది. బస్సంతా వినిపిస్తాది.”

“బస్సంతా వింటా ఉందని మీ నాయనకు తెలుసా?”

“తెలీదు. నేనే కావాలని స్పీకర్లో పెడతా” అని, పాయసం వడ్డించే ఆయన్ను ఇంకోసారి పిలిచింది.