తొడల పట్టీలకు ఇత్తడి చీల

మా తమ్ముడు చావు తప్పించుకుని వచ్చాడని నాకు ముందుగా చెప్పింది అతని తొడల మీద నల్లగా కమిలిన రెండు గీతలు.

డెబ్బైలు ముగిసే రోజులవి. లాల్‌దర్వాజాలో రెండు గదుల అద్దె ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు ఉండేవాళ్లం. తమ్ముడు ఒక సర్కారీ కర్మాగారంలో లేతు మీద లోహం చెక్కే టర్నరు. నేను ఇంట్లోనే మిషన్ మీద బడిసంచులు, హోల్డాళ్లు కుట్టేదాన్ని. వాళ్ల కార్మికుల క్లబ్బులో కెనో అనే పడవలు నాలుగైదు ఉండేవి. సన్నటి ఫైబర్ పడవ, ఒక్క మనిషే ఎక్కాలి. మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేయాలి. బండల మధ్య ఉరికే ఏట్లో మనిషి జారిపోకుండా రెండు పట్టీలు తొడలను పడవకు అదిమి ఉంచుతాయి. ఆ ఆదివారం తమ్ముడి పడవ బోల్తా పడింది. మనిషి తల నీళ్లలో, తొడలు పట్టీల్లో. బకిల్సు ఊడలేదు.

"మరెట్ల బయటపడ్డవ్?" అని అడిగాను.

"తోటోడు ఈదుకుంట వచ్చి పడవను తిప్పిండక్కా. ఇంకొంచెం ఆలస్యమైతే..." అని ఆగిపోయాడు.

అమ్మ వంటింట్లోంచి విన్నది. "ఇగ ఆ పడవ ఎక్కినవంటే నా మీద ఒట్టే" అంది. తమ్ముడు తడి బట్టలు ఆరేయడానికి వాకిట్లోకి పోయాడు. వాడి సంగతి నాకు తెలుసు. వారమంతా లేతు మిషన్ల మోతలో నిలబడేవాడు ఆదివారాల కోసమే బతికేవాడు. ఒట్టు పెట్టినా పోతాడు. పోయేవాణ్ని ఆపలేనప్పుడు పట్టీనైనా మార్చాలి కదా!

"పడవను ఇంటికి తే" అన్నాను.

తోపుడుబండి మీద పడవ వస్తుంటే గల్లీ అంతా బయటికొచ్చింది. "ఏందిది? మూసీ మళ్ల పొంగుతదా?" అని ఎదురింటాయన నవ్వాడు. దాన్ని వాకిట్లో పెడితే మాకు నడిచే జాగా కూడా మిగల్లేదు. అమ్మ రెండు రోజులు దాన్ని చూడనట్టే పక్కకు ఒదిగి నడిచింది.

ముందు మంచం నవారుతో కుట్టాను. చూడ్డానికి మస్తుగా ఉంది. బకెట్టు నీళ్లలో నానబెట్టి చూస్తే నవారు ఉబ్బి, బకిల్సులో బిగుసుకుపోయింది. కుట్టు విప్పి పారేశాను. జుమ్మేరాత్ బజార్‌లో పాత మిలిటరీ సామాన్ల కుప్పలో వెతికితే నైలాను పట్టా దొరికింది. నానదు, ఉబ్బదు. దానికి రెండు రింగులు వేసి, ఒక రింగును ఎత్తితే పట్టా జారిపోయేలా పెట్టాను. కూర్చున్న మనిషికి బ్రహ్మాండంగా ఊడింది.

"బోర్లేసి చూద్దాం" అన్నాను.

పడవను రెండు బల్లల మీద ఆనించి, తమ్ముణ్ని పట్టీల్లో బిగించి, పక్కింటి ఇద్దరి సాయంతో తలకిందులు చేశాం. కింద పరుపు వేశాం. వాడి బరువంతా పట్టీల మీద పడేసరికి రింగులు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. లాగాడు, గుంజాడు, మొహం ఎర్రబడింది. మేమే పడవను తిప్పి దించాం. చూస్తున్నవాళ్లు నవ్వారు. అమ్మ నవ్వలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున ఆ పట్టా చుట్టుకుని కార్వాన్‌కు పోయాను. అక్కడ టాంగా గుర్రాలకు జీన్లు, తోలు పట్టాలు కుట్టే ముసలాయన ఉండేవాడు. నేను చెప్పింది మొత్తం విని, పట్టాను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"పట్టా ఢీలాగ, వదులుగ ఉన్నప్పుడు ఎవరైనా ఇప్పుతరు బేటీ. గుర్రం రోడ్డు మీద పడ్డదనుకో, బండి బరువంత పట్టా మీదనే ఉంటది. గప్పుడు ఊడాలె. అదీ అసలు పని."

"మీరెట్ల చేస్తరు?"

ఆయన తన దుకాణం తలుపును చట్రానికి పట్టి ఉంచే బందును వేలితో చూపించాడు. "బందుల చీల గుంజితే ఎంత బరువు తలుపైనా ఊడదా?"

నేను లేచి నిలబడ్డాను. ఆయన "చాయ్ తాగి పో" అంటున్నా ఆగలేదు.

నేను చెప్పినట్టే తమ్ముడు లేతు మీద ఇత్తడి చీలలు రెండు తయారుచేసి తెచ్చాడు. ఒక కొస సన్నం, ఒళ్లంతా అద్దంలా నున్నన. పడవకు అతికించిన పట్టాకు రెండు రింగులు, తొడ మీది పట్టాకు ఒక రింగు; మూడూ ఒక వరసలోకి తెచ్చి చీల దూర్చడం, అంతే. చీల తలకు తాడు కట్టి, చూడకుండానే చేతికి అందేలా గుడ్డ ఉండ కుట్టాను. మళ్లీ తలకిందులు చేశాం. గుంజాడు. ధబ్బున పరుపు మీద పడ్డాడు. "ఇంకోసారి" అన్నాను. పన్నెండుసార్లు పడేశాను వాణ్ని. చివరికి "అక్కా, మెడ విరుగుతది" అని మొత్తుకున్నాడు.

నీళ్లలో పరీక్ష మిగిలింది. ఊరి బయట రాళ్లు తీసిన గుంటలో నీళ్లుండేవి. నేను చిన్నప్పుడు బావిలో, నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చినదాన్నే.

"కుట్టింది నేను. ముందు నేను మునుగుత" అన్నాను. వాడు వద్దన్నాడు. నేను చీర కొంగు బిగించి, తెడ్డు పట్టుకుని ఎక్కాను. వాడు పక్కనే నీళ్లలో నిలబడి పడవను తిప్పేశాడు.

లోపల పచ్చటి చీకటి. ముక్కులోకి నీళ్లు. పైకేదో కిందికేదో తెలియలేదు. చెయ్యి గుడ్డ ఉండను వెతుక్కుంది. కుడిది వచ్చింది. ఎడమది దొరకలేదు. తెడ్డు తగిలి అంతకుముందే ఊడిపోయిందని పైకి వచ్చాక తెలిసింది. తొడలు విడిపోయాయి. పైకి వచ్చి దగ్గుతుంటే తమ్ముడు నా జుట్టు పట్టుకుని ఉన్నాడు, వదల్లేదు.

"ఊడిందక్కా! ఊడింది!"

"ఎడమది ముందే ఊడింది. చీల లోపలి దిక్కుకు పెట్టాలె" అన్నాను. ఇంటికొచ్చి రెండు చీలలనూ తెడ్డు తగలని చోటికి మార్చి మళ్లీ కుట్టాను.

వానాకాలం వెళ్లాక ఏటికి నేనూ పోయాను. తమ్ముడు పడవ ఎక్కితే నేను ఒడ్డున బండ మీద నిలబడ్డాను. మూడో మలుపులో నీళ్లు పడవను పక్కకు కొట్టాయి, దాని అడుగు పైకి తేలింది. నేను బండ అంచుదాకా పోయాను. నురగ పక్కన ఒక తల లేచింది. తర్వాత ఒక చెయ్యి, పడవ కొసను పట్టుకుని. వాడు ఒడ్డుకు చేరి, వాంతి చేసుకుని, అరగంటలో మళ్లీ ఎక్కాడు. నేను ఆపలేదు.

ఇంటికి వచ్చాక అమ్మ వాణ్ని గుమ్మంలోనే నిలబెట్టింది. వాడి లాగు పైకి లాగి తొడలు చూసింది. ఎర్రగా ఉన్నాయి, కమల్లేదు. "అన్నం తిను" అంది.

తర్వాతి నెలలో క్లబ్బులో మిగతావాళ్లకు కూడా కుట్టిచ్చాను. ఆఖర్న ఇంకో జత కుట్టాను, కొంచెం చిన్నది. ఎవరికని తమ్ముడు అడిగాడు.

"నాకే" అన్నాను.