నేను చూడని కొండ చెరువు

ఒక చెరువు ఏళ్ల తరబడి నా గుండెల మీద కూర్చుంది. మంచుకొండల మధ్య, మనుషులు పెద్దగా పోని చోట, నీలంగా. దాన్ని నేనెన్నడూ చూడలేదు. చూశానని ఒక మనిషిని నమ్మించాను. అంతటితో ఆగినా బాగుండేది. ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేక మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఖాసిం నా స్నేహితుడు. పటమటలో టైలర్ షాపు. ఆదివారం వస్తే ఇద్దరం గాలాలు పట్టుకుని బందరు కాలవ గట్టున కూర్చునేవాళ్లం. వేరుశనగ చెక్క, తవుడు కలిపి ఎర ముద్దలు అతనే చేసి తెచ్చేవాడు. ఒకనాడు పొద్దుటినుంచీ ఒక్క చేపా ముట్టలేదు. నాకు విసుగొస్తే నోరు ఊరుకోదు. ఇవీ ఒక చేపలేనా, హిమాలయాల్లో కొండ మీది చెరువులో నేను పట్టాను చూడు, ఒంటినిండా చుక్కలున్న చేపలు అని కోశాను కోతలు.

నిజమేమిటంటే, చదువుకునే రోజుల్లో స్నేహితులతో ఆ కొండ కింది ఊరిదాకా వెళ్లాను. అక్కడ జ్వరం తగిలి లాడ్జిలో పడుకున్నాను. మిగతావాళ్లు పైకి వెళ్లొచ్చి, నా మంచం చుట్టూ కూర్చుని చెరువు గురించి చెప్పుకున్నారు. రగ్గు కిందనుంచి సగం విన్నాను, సగం కలగన్నాను. నీళ్లడుగున గులకరాళ్ల రంగులు విడివిడిగా తెలుస్తాయట. మబ్బు దిగివచ్చి నీళ్ల మీద నడుస్తుందట. ఏది వాళ్లు చెప్పిందో, ఏది జ్వరం చూపించిందో ఇప్పటికీ నాకే తెలియదు.

ఖాసిం నవ్వి ఊరుకుంటాడనుకున్నాను. "మనం వెళ్దాం గురూ" అన్నాడు. అప్పుడతని మొహం మీరు చూడాల్సింది.

అలా మొదలైంది మా ప్రయాణం, కాలు కదపకుండానే. రోళ్లు పగిలే ఎండల్లో అతను ఇద్దరికీ దూది పెట్టి మందపాటి కోట్లు కుట్టాడు. హనుమాన్ జంక్షన్ అవతల ఐసు ఫ్యాక్టరీలో అతని బావమరిది పనిచేసేవాడు. చేపల లారీలకు ఐసు నింపే చోటది. చలి అలవాటు కావాలని, ఆ కోట్లు తొడుక్కుని వెళ్లి ఐసు గదిలో కూర్చునేవాళ్లం. బకెట్టు నీళ్లలో ఐసు వేసి, గాలానికి ఎర ముద్ద గుచ్చి ముంచి, అంత చల్లటి నీళ్లలో ముద్ద నిలుస్తుందా విడిపోతుందా అని వంగి చూసేవాళ్లం. లారీవాళ్లు మమ్మల్ని చూసి పడీపడీ నవ్వేవారు. అక్కడి చేప ఈ చెక్కా తవుడూ తింటుందా అని ఖాసింకు బెంగ. పడిచస్తుంది అన్నాను నేను, అదేం తింటుందో ఏనాడూ ఎరగనివాణ్ని. ఐసు మీదనుంచి తెల్లగా పొగ లేస్తుంటే ఆ పొగ వెనకాల నాకూ చెరువు కనిపించేది. ఒట్టు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది నాకే అతుక్కుపోయింది. ఆ రోజులు ఎంత బాగుండేవో, అదీ ఒప్పుకోవాలి.

చివరికి ఒకరోజు, ఇక టికెట్లు తీద్దాం, ఏ ఊళ్లో దిగాలి, పైకి దారి చూపించేదెవరు అని అడిగాడు. నాకు ఆ ఊరి పేరైనా గుర్తులేదు. అప్పుడైనా నిజం చెప్పేస్తే ఏం పోయేది? నాలుగు తిట్టి, మళ్లీ గాలం వేసేవాడేమో. కానీ ఇన్నాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని నా మాటలు విన్న మనిషి, ఒక్క క్షణం నన్ను వేరేగా చూస్తాడన్న ఊహే భరించలేకపోయాను. ఛీ, ఎంత చిన్న పరువు!

అతను షాపులో ఉన్న వేళ చూసి వాళ్లింటికి వెళ్లాను. భార్య అమీనా నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తుంది. ఖాసింకు చలికాలంలో కాస్త ఆయాసం వచ్చేది. అంత ఎత్తున గాలి చాలదని, ప్రాణం మీదికి వస్తుందని, డాక్టర్ని అడిగే వచ్చానని ఆవిడకు చెప్పాను. ఏ డాక్టర్నీ అడగలేదు. నేను చెప్పినట్టు అనొద్దని కూడా చెప్పాను. ఆవిడ హడలిపోయి, వెళ్లనని పిల్లల మీద ఒట్టు వేయించుకుంది. ఖాసిం ఒట్టు తప్పే మనిషి కాదు. మరుసటి ఆదివారం గట్టున కూర్చుని, "పోనీలే గురూ, నువ్వు చెబుతుంటే చూసినట్టే ఉంటుంది. ఇంకోసారి చెప్పు" అన్నాడు. చెప్పాను. సిగ్గులేకుండా ఏళ్లపాటు చెబుతూనే ఉన్నాను.

నిరుడు ఖాసిం పోయాడు. ఆయాసంతో కాదు. గుండె ఆగి, మిషన్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు వెళ్లాను. భోజనాలయ్యాక అమీనా నన్ను పక్కకు పిలిచింది.

"ఆయన ఆశ మీద నీళ్లు పోసింది నేనే కదండీ అన్నయ్యగారూ."

"ఊరుకోమ్మా. వాడి మంచి కోరేగా చేశావు."

"ఏం మంచండీ! వెళ్లుంటే కళ్లారా చూసుకునేవారు. వెళ్లకపోయినా ఎట్టాగూ ప్రాణం నిలవలేదు కదా. రేపు పైన కనబడి, ఎందుకు ఆపావే అని అడిగితే నేనేం చెప్పనండీ?"

"అడగడమ్మా. వాడు నిన్నెప్పుడో క్షమించేశాడు" అన్నాను.

అన్నాను, ఆ మాట ఈ నోటితోనే అన్నాను. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, ఎంత మంచివారండీ మీరు అంది. నా తప్పు ఆవిడ నెత్తిన పెట్టి, ఆ తప్పుకు ఆవిడనే క్షమించి, మెప్పు కూడా పొంది ఇంటికి వచ్చాను. వెళ్లి నిజం చెప్పాలని ఎన్నిసార్లు చెప్పులు తొడుక్కున్నానో. చెబితే ఖాసిం అంత మురిసిపోయిన చెరువు కథ ఉత్తదేనని ఆవిడకు తెలిసిపోతుంది, అదొక్కటైనా మిగలనీ అనుకుని ఆగిపోతాను. నిజంగా ఆవిడ కోసమేనా? కాదు. ఇదీ నా సాకే.

ఖాసింను ఆపింది నేను. అమీనా కాదు. ఈ ముక్క రాశాక నాకు కాస్త తేలిగ్గా ఉంది. ఆవిడకు ఇంకా తెలియదు.