కట్ట మీదికి ఆటో పంపిన మనిషి

నేను తెనాలిలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. మా వీధిలో పిల్లలకు జ్వరం వస్తే ముందు తావీజు కట్టించేవాళ్ళు, తర్వాతే డాక్టరు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. మా నాన్న ఒప్పుకునేవారు కాదు. ఆయన్ని మేం అబ్బా అంటాం. జిన్నులూ దయ్యాలూ అంటే చిన్నప్పుడు కూడా నేను భయపడలేదు. ఇప్పుడు రాయబోయేది ఇంకొకరి నోట విని ఉంటే విని ఊరుకునేదాన్ని.

అబ్బా టైలరు. సూదిలో దారం ఎక్కించడం కష్టమయ్యాక మిషను కట్టిపెట్టేశారు. దూరపు చూపు మాత్రం బాగానే ఉండేది. ఎవరో వాడి అమ్మేసిన బైనాక్యులర్స్ సంపాదించి పిట్టల వెంట పడ్డారు. వీపున సంచి తగిలించుకుని సముద్రం పక్క ఊళ్ళన్నీ నడిచి చూడాలని ఆయన కోరిక. ఒంటరిగా పంపనంది మా అమ్మ, అమ్మీ. పెళ్ళి కాకుండా ఇంట్లో ఉన్నదాన్ని నేనే కాబట్టి నేనే వెళ్ళాను.

రెండు వేల నాలుగో, ఐదో. మార్చి మొదట్లో. పరీక్షల డ్యూటీలతో అప్పటికే నా ఒళ్ళు హూనమై ఉంది. బాపట్లలో దిగి సూర్యలంక ఇసుకలో మధ్యాహ్నం దాకా తిరిగాం. ఉల్లంకి పిట్టలు అలల అంచున పరుగులు పెడుతుంటే ఆయన వాటి వెనకాల, నేను రెండు సంచులతో ఆయన వెనకాల. మర్నాడు రేపల్లెలో లాడ్జి. నిద్ర సరిగా పట్టలేదు. పొద్దున్నే నిజాంపట్నం వైపు బస్సెక్కాం. ఆ పక్క మడ అడవి కాలువల్లో నీటికుక్కలు ఉంటాయని ఆయనకెవరో చెప్పారు.

బస్సు దిగినచోట ఒక టీకొట్టు. అక్కడ ఆగుదామన్నాను. వచ్చేటప్పుడు తాగుదామన్నారు. అక్కడినుంచి కాలువ కట్ట పట్టుకుని నడక. పాడైన తూము దాటాం, ఈతచెట్లు దాటాం. రొయ్యల చెరువులకు మేత తెచ్చే ఆటోలు తప్ప ఆ కట్ట మీదికి బళ్ళు రావు. మనిషన్నవాడు కనిపించలేదు. ఎండ నెత్తికెక్కింది. ఇక చాలు, వెనక్కి పోదామని నేను అనబోతుండగా ఆయన చెయ్యెత్తారు.

అవతలి ఒడ్డున మడచెట్ల వేళ్ళ మధ్య నీటికుక్కలు. రెండు పెద్దవి, వాటి పిల్లలు. చేపను లాక్కుని తింటూ, బురదలో దొర్లుతూ, ఈలలాంటి సన్నటి కూత పెడుతున్నాయి. ఏళ్ళ తరబడి పుస్తకంలో బొమ్మ చూపించి పాఠం చెప్పానుగానీ బతికున్నదాన్ని చూడటం అదే మొదలు. కాసేపు అలసట మర్చిపోయాను.

బైనాక్యులర్స్ నా చేతికిచ్చి అబ్బా కింద కూర్చున్నారు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయింది. ముఖం బూడిద రంగుకు తిరిగింది.

సెల్‌ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని నా దుపట్టా ఎండకు అడ్డం పెట్టాను. దాని కొస ఆయన గుప్పిట్లో బిగుసుకుంది. టీకొట్టు దాకా పరుగెత్తాలి. కానీ ఆ చెయ్యి విడిపించి వెళ్ళలేకపోయాను. మనసులో మాత్రం పరుగెత్తుతూనే ఉన్నాను. ఈతచెట్లు, తూము, మలుపు, టీకొట్టు. మళ్ళీ మొదటినుంచి. ఎంతసేపో తెలియదు.

అప్పుడు కట్ట మీద ఆటో చప్పుడైంది.

డ్రైవరు దిగి ముందు అబ్బాని చూశాడు. తర్వాత నన్ను చూసి అక్కడే నిలబడిపోయాడు.

"మీరెట్టా వచ్చారమ్మా? మిమ్మల్ని టీకొట్టు దగ్గర కూర్చోబెట్టి వచ్చాను గదా" అన్నాడు.

నేను ఇక్కడినుంచి కదల్లేదన్నాను. అతను అబ్బా కింద చేతులు వేసి ఎత్తుతూ, "అబ్బా అంటే ఈయనేనా అండీ? అబ్బాకి బాలేదు, త్వరగా పొమ్మన్నారు మీరు. అబ్బా అంటే పేరనుకున్నాను" అన్నాడు. బస్సు దిగాక ఆ కట్ట మీద మాకు ఎవరూ కలవలేదు. ఆ మాట నా నోటినుంచి విన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు.

టీకొట్టు ముందు నీళ్ళకోసం ఆపాడు. కొట్టు నడిపే ఆవిడ చెంబుతో బయటికొచ్చింది. నన్ను చూసి, వెనక్కి తిరిగి బల్ల వంక చూసింది. బల్ల మీద ఎవరూ లేరు. కింద సిమెంటు మీద తడి బురద, వట్టి కాళ్ళ గుర్తులు.

"ఇప్పుడేగా అమ్మా, నీళ్ళు తాగి ఇక్కడ కూలబడ్డావు. చెప్పులు కూడా లేవు నీకు" అంది.

నా కాళ్ళకు బూట్లున్నాయి. పొద్దున వేసుకున్నవి, విప్పనే లేదు. ఆ మాట ఆవిడతో చెప్పే ఓపిక నాకు లేదు. ఆటో పోనివ్వమన్నాను.

రేపల్లె ఆసుపత్రిలో సూది వేసి గుంటూరు పంపారు. గుండెపోటన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు. అబ్బా బతికారు.

నాలా ఉండే ఇంకో అమ్మాయి ఎవరో మమ్మల్ని దూరం నుంచి చూసి పరుగెత్తి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రొయ్యల చెరువుల దగ్గర ఆడకూలీలు ఉంటారు. ఒకళ్ళకి నా పోలికలు ఉండొచ్చు. అబ్బా అన్న మాటకు మాత్రం ఏ సమాధానమూ కుదర్లేదు. కొన్నాళ్ళ తర్వాత రేపల్లె వెళ్ళి ఆ డ్రైవర్ని కలిశాను. అదే మాట చెప్పాడు, ఒక్క ముక్క మార్చకుండా.

అబ్బా బాగా కోలుకున్నాక ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని ఆ రోజు సంగతి మొదటిసారి ఎత్తాను. భయమేసిందా అని అడిగాను.

"నువ్వు వెళ్ళిపోయాక వేసింది" అన్నారు.

నేనెక్కడికీ వెళ్ళలేదు అబ్బా, మీ తల నా ఒళ్ళోనే ఉంది అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. జాలిగా చూశారనిపించింది. "లేదు బేటా. నా చెయ్యి విడిపించుకుని బూట్లు విప్పి పరుగెత్తావు. తల కింద సంచి పెట్టి వెళ్ళావు. ఆటో వచ్చేదాకా నేనొక్కణ్ణే. ఆ నీటికుక్కల్ని చూస్తూ పడుకున్నాను. నువ్వు ఆటోలోనే కదా వచ్చావు."

డ్రైవరు ఒంటరిగా వచ్చాడు. అది నేను చూశాను.

ఆయన పోయేదాకా ఆ మాట మార్చలేదు. నేనూ నా మాట మార్చలేదు. గుప్పిట్లో నలిగిన దుపట్టా కొస, ఒళ్ళో ఆయన తల బరువు ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉన్నాయి. నేనక్కడే ఉన్నాను. ఇది ఎవరితో చెప్పినా ముందు నాకు నేనే నచ్చజెప్పుకుంటున్నట్టుంటుంది. ఈ మధ్య చెప్పడం కూడా మానేశాను.