మోడెం పిన్ని గది

ఆ ఇంటి చిన్నకోడలికి ఒక పేరుండేది కానీ, భర్త పోయాక దాన్ని పలికే నోరు ఆ ఇంట్లో లేకుండా పోయింది. పిల్లలు మోడెం పిన్ని అనేవారు. పెద్దవాళ్లు విని నవ్వారు, అదే ఖాయమైంది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఫోన్ లైను మీద వచ్చే పాత ఇంటర్నెట్ తీగ ఆ ఇంట్లో వెనక గదికి ఒక్కదానికే ఉండేది. బతికున్న రోజుల్లో ఆమె భర్త తన మంచం పక్కన సాకెట్టు పెట్టించుకున్నాడు. మోడెం అక్కడే, హాల్లోకి నెట్ తెచ్చే తీగా దాన్నుంచే, ఆ మోడెంని కనిపెట్టుకుని ఆమె అక్కడే. వాన పడితే లైన్లో గరగర, ఎవరైనా ఫోన్ ఎత్తితే నెట్ మాయం. అప్పుడు ఇంటిల్లిపాదీ ఆ గుమ్మం ముందు చేరేవారు.

"పిన్నీ, నెట్ పోయింది!"

"అమ్మా, ఒక్కసారి చూడమ్మా, మీటింగులో ఉన్నాను," అని బావగారు.

ఆమె తాపీగా లేచి, తీగ ఊడదీసి, వదులైన ప్లగ్గులో కాగితం మడత దోపి, మళ్లీ పెట్టేది. లైట్లు పచ్చబడేవి. ఆ కాసేపు ఇల్లంతా ఆమె గుప్పిట్లో ఉండేది. అది చూసి తోటికోడలికి ఒళ్లు మండిపోయేది. అయినా ఏం చేస్తుంది? గదిలోకి వెళ్లాలంటే ఆవిడ కూడా తలుపు తట్టాల్సిందే. భర్తలేని చిన్నకోడలికి ఆ ఇంట్లో మిగిలిన పట్టు ఆ గది ఒక్కటే. అది ఆమెదని ఎవరూ అనలేదు, కాదనే ధైర్యమూ చేయలేదు.

గదిలో కూర్చునే ఆమె నాలుగు డబ్బులు సంపాదించుకునేది. డాక్టర్లు నోటితో చెప్పి పంపే రిపోర్టులు విని, టైపు చేసి, తిప్పి పంపాలి. పాత నెట్ మీద ఆ ఫైళ్లు నత్తనడక నడిచేవి. ఇలా ఆలస్యమైతే వేరేవాళ్లను చూసుకుంటామని కంపెనీ అనేసింది. పాపం, ఆమె బావగారి వెంటపడింది, ఫైబర్ పెట్టించమని.

మొదట్లో తోటికోడలు మూతి ముడిచింది. తర్వాత ఒకరోజు ఏమనుకుందో ఏమో, ముఖం చేటంత చేసుకుని వచ్చింది. "పెట్టిద్దాంలే. నువ్వింతగా అడుగుతుంటే కాదంటామా?"

పిచ్చి మాలోకం, ఆ మాటకే కళ్లనీళ్లు పెట్టుకుంది. టెక్నీషియన్ వచ్చే రోజు మంచం జరిపి, గోడ తుడిచి, కొత్త పెట్టెకు బల్ల కూడా సిద్ధం చేసింది. పాత తీగ వచ్చిన చోటికే కొత్తదీ వస్తుందని ఆమె నమ్మకం. ఇన్నేళ్లు మోడెం పక్కన బతికిన మనిషికి ఇంకోలా తట్టలేదు.

"పెట్టె ఎక్కడ పెట్టమంటారు మేడం? వెనక గదిదాకా అయినా లాగొచ్చు," అన్నాడు టెక్నీషియన్.

"హాల్లో పెట్టండి," అంది తోటికోడలు. అడిగినవాడి నోరు మూతపడకముందే అంది.

డ్రిల్లు హాలు గోడలో దిగింది. చిన్నకోడలు చేతిలో తుడిచేగుడ్డతో గుమ్మంలో నిలబడిపోయింది.

"పాత తీగ ఉంచమంటారా?"

"పీకెయ్యండి. కాళ్లకడ్డం."

అతను మంచం కిందికి దూరి తీగ కత్తిరించాడు. మోడెం పట్టుకుపోయాడు. గోడ మీద నాలుగు పలకల దుమ్ము మరక మిగిలింది.

హాల్లో నెట్ పరుగులు తీసింది. వెనక గదికి మాత్రం అన్ని గోడలు దాటి అందలేదు. ఇక చేసేదేముంది, ఆమె లాప్‌టాప్ ఎత్తుకుని హాల్లో సోఫా వెనక చేరింది. అక్కడే ఉన్నావు కదా పాలు చూడు, అక్కడే ఉన్నావు కదా తలుపు తియ్యి. చెవిలో డాక్టరు, నెత్తిన టీవీ. ఎడమ కాలు అన్నచోట కుడి కాలని కొట్టి, కంపెనీ చేత చీవాట్లు తింది. అందుకని టీవీ కట్టేశాకే పని మొదలుపెట్టి, అలసిపోయి సోఫా మీదే దిండు వేసుకోవడం అలవాటైంది. పిల్లలు పలకరించడం మానేశారు. నెట్ పోతే కదా పిన్ని కావాలి, అది పోవడమే లేదు.

ఒక సాయంత్రం వెనక గది తలుపు బార్లా తీసి ఉంది. ఎవరో కొత్త మనిషి టేపుతో గోడ కొలుస్తున్నాడు. ఆమె బట్టలు, భర్త ఫోటో హాల్లో ఒక అట్టపెట్టెలో ఉన్నాయి.

"ఏంటక్కా ఇది?"

"గది అద్దెకిస్తున్నాం."

"అది మీ మరిది గది కదక్కా!"

"మరిది ఉన్నన్నాళ్లూ మరిది గదే. తర్వాత మోడెం ఉంది, కదపలేమని ఊరుకున్నాం. ఇప్పుడదీ లేదు. ఖాళీ గదిని ఏం చేసుకుంటాం?"

ఆమెకు కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది. కాళ్లావేళ్లా పడి ఫైబర్ అడిగింది తనే. అయినా అంది, "ఖాళీ ఏంటక్కా? నేనున్నాను కదా."

"నువ్వు హాల్లో ఉంటున్నావు కదమ్మా," అంది తోటికోడలు ఎంతో మెత్తగా.

ఆమె బావగారి వైపు తిరిగింది. ఆయన సోఫాలో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. వీడియో ఎక్కడా ఆగకుండా నడుస్తోంది. ఆయన తల ఎత్తలేదు.