నీళ్ళ సారు ఒప్పుకున్న తప్పు

ఆత్మకూరు బస్టాండులో నన్ను చూసి ఉదయగిరి బస్సు కండక్టరు కిందికి దిగి వచ్చాడు. "మేడమ్, మీకు తెలిసినాదా? నీళ్ళ సారు పోయినారంట. మద్దేనం నమాజు అయినాక తీసకపోతారంట" అన్నాడు. ఆ రోజు నేను నెల్లూరులో మీటింగుకు వెళ్ళాలి. వెళ్ళలేదు. ఉదయగిరి బస్సే ఎక్కాను.

ఈ మెట్ట ఊళ్ళలో నీళ్ళ సారంటే ఎవరో ఎవరూ చెప్పనక్కరలేదు. తెలియని పాఠకుల కోసం చెబుతాను. ఆయన ప్రభుత్వంలో భూగర్భజలాల అధికారి. పుట్టి పెరిగింది ఉదయగిరిలోనే. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే మా అందరికంటే ముదురు మెట్ట తెలుగు. నెలనెలా ఊరూరా తిరిగి బావుల్లో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కొలిచి రాసుకోవడం ఆయన ఉద్యోగం. ఆ లెక్కలు ఫైల్లో పెట్టి ఊరుకున్నా జీతం వచ్చేది. ఆయన ఊరుకోలేదు. కొలిచిన లోతును ఆ ఊరి బడి గోడ మీద పెద్ద అక్షరాలతో తానే రాసేవారు. "ఊరి బావి సంగతి ఊరికి తెలవకుండా నా బీరువాలో ఉండి ఏం లాభం?" అనేవారు.

డెబ్బైల చివర్లో ఉదయగిరి సమితి ఆఫీసులో నేను గ్రామసేవికగా కొత్తగా చేరాను. ఒకరోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, నాతో ఊళ్ళకు రావాల నువ్వు. బావిలో నీళ్ళు ఎప్పుడు తగ్గతాయని మొగోళ్ళను అడిగితే ఎండాకాలంలో అంటారు. చేదే ఆడోళ్ళయితే వారం కూడా చెబతారు. కానీ నేను పోతే కొంగు కప్పుకొని పక్కకు పోతారు."

అలా ఆయన జీపులో నాకు చోటు దొరికింది. ఏ ఊరికి వెళ్ళినా టీ వద్దని ముందు ఆ ఊరి నీళ్ళు అడిగి తాగేవారు. నోట్లో కాసేపు నిలిపి, "ఉప్పు పెరిగినాది" అనో, "పోయిన నెలకంటే మేలు" అనో చెప్పి, తరవాతే బావి దగ్గరికి నడిచేవారు. నేను ఊహించి ఏదన్నా అంటే, "చూడకుండా చెప్పబాకమ్మా" అని ఆపేసేవారు. ఆ మాట నాకు ఇప్పటికీ ఫైలు మీద సంతకం పెట్టేముందు వినిపిస్తుంది.

వరికుంటపాడు వైపు కొండకింద ఒక ఊరుంది. వేసవి వస్తే మంచినీళ్ళ బావి అడుగంటేది. ఆడవాళ్ళు బిందెలతో రెండు మైళ్ళు నడిచేవాళ్ళు. ఊరంతా బోరు కావాలంది. సారు రాతిని పరీక్షించి, బోరు వేసినా ఏడాది తిరగకముందే ఎండుతుందన్నారు. కొండ మీద వంకలకు అడ్డంగా రాతికట్టలు కడితే వాననీళ్ళు నిలిచి ఇంకుతాయని, చెట్లు కొట్టడం మానాలని చెప్పారు.

"దప్పిక ఈడ, రాళ్ళు పేర్చేది ఆడనా? ఏంది సారూ ఇది!" అని ఊరివాళ్ళు నవ్వారు.

వాళ్ళను ఒప్పించడానికి మాకు ఒక చలికాలమంతా పట్టింది. చివరికి ఇంటికొకరు వచ్చారు. సారు మ్యాపు పరిచి చోటు చూపిస్తుంటే ఒక అవ్వ ముందుకు వచ్చింది. చిన్నప్పటినుంచీ ఆ కొండ మీదే మేకలు తోలిన మనిషి.

"నాయనా, ఆడ కాదు. నీళ్ళు పైన నల్లగుండు రాయి కాడనే మళ్ళుకొంటాయి. ఈ వంకలోకి అంతా ఒక్కసారే వచ్చి పడతాది. నీ కట్ట ఆగదు."

సారు మ్యాపు చూశారు. మ్యాపులో ఆ మలుపు లేదు. "చూద్దాంలే అవ్వా" అన్నారు. పైకి ఎక్కి చూడలేదు.

ఆయన చూపిన చోటే కట్టిన కట్ట మొదటి పెద్దవానకు కొట్టుకుపోయింది. దాని రాళ్ళూ ఇసుకా వచ్చి పడింది అవ్వ సజ్జచేలోనే. మేం వెళ్ళేసరికి ఆమె ఆ ఇసుకలో నిలబడి, వంగిపోయిన వెన్నులు ఏరుకుంటూ ఉంది. మమ్మల్ని చూసి తల తిప్పుకుంది.

పై అధికారి ఒకాయన సారుకు సలహా ఇచ్చాడు: "అనుకోని కుంభవృష్టి అని రాసెయ్." అలా రాస్తే అడిగేవాడు లేడు. సారు ఆ సాయంత్రమే ఊరిని రచ్చబండ దగ్గర కూర్చోబెట్టారు. తాను మాత్రం కూర్చోలేదు.

"వాన తప్పు కాదు. మీ పని తప్పు కాదు. తప్పు నాది. అవ్వ చెప్పినాది, నేను ఎక్కి చూడలా. అందరితో, చూడకుండా చెప్పబాకండి అనేవాణ్ణి, నేనే చూడకుండా చెప్పినాను." అవ్వ వైపు తిరిగి, "అవ్వా, రేపు కొండ నువ్వు చూపించు. నీ ఎనకాల నేను నడస్తాను" అన్నారు.

అవ్వ కొడుకు కోపంగా లేచాడు. "మళ్ళా కూలి పోగొట్టుకొని రాళ్ళు మొయ్యాల్నా?"

"కూసోరా," అంది అవ్వ. "ఆఫీసరు తప్పు నాది అనంగా నువ్వు ఎప్పుడన్నా ఇన్నావా? నేను పోతా."

మరునాడు అవ్వ ముందు, చేతిలో చెప్పులతో సారు వెనక, ఆయన వెనక నేను. ఆమె ఆగిన ప్రతిచోటా ఆయన ఆగి, నీళ్ళు ఎటునుంచి వస్తాయో అడిగి, మ్యాపులో గుర్తు పెట్టుకున్నారు. ఈసారి పని పైనుంచి మొదలైంది. నల్లగుండు దగ్గర చిన్నచిన్న రాతివరసలు, వాటికింద ఇంకొన్ని, అన్నింటికంటే ఆఖరున వంకలో కట్ట. మొదటి రోజు పదిమందే వచ్చారు. నాలుగో రోజుకు అవ్వ కొడుకూ గడ్డపార పట్టుకొని వచ్చాడు. అవ్వ పైరు పోయినందుకు సారు ఆమె చేలో ఇసుక ఎత్తిపోయడానికి ఆదివారాలు వచ్చేవారు. వద్దన్నా వినలేదు.

రెండు వానాకాలాలు కట్ట నిలిచింది. ఆ పై వేసవిలో, రోహిణి ఎండల్లో బావి దగ్గరికి వెళ్ళాం. చేద వేస్తే మునిగిన చప్పుడు వినిపించింది. సారు కొలత తీసి, నోట్‌బుక్కులో రాయకుండా అలాగే నిలబడిపోయారు. "రాయండి సార్" అన్నాను. "ఉండమ్మా, ఆ చప్పుడు ఇంకోసారి ఇంటాను" అన్నారు.

నివేదికలో, కట్టలకు చోట్లు చూపింది ఫలానా ఊరి అవ్వ అని పేరుతో సహా రాశారు. పై ఆఫీసులో ఆ వాక్యం కొట్టేసి పంపారు. సారు మళ్ళీ అదే రాసి పంపారు. మూడోసారికి వాళ్ళే విసిగి వదిలేశారు. తరవాత కలిగిరి నుంచి, కలువాయి నుంచి రైతులు ఆ కొండ చూడటానికి వస్తే, సారు వాళ్ళకు అవ్వనే చూపించి తాను పక్కన నిలబడేవారు. అలాంటి మనిషి దగ్గర నేను పని నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు గర్వం.

ఉదయగిరిలో ఆయన ఇల్లు చేరేసరికి వీధి నిండిపోయి ఉంది. నేను లోపల ఆయన భార్య దగ్గర కూర్చున్నాను. కాసేపటికి వీధిలో ట్రాక్టరు ఆగింది. ఆ కొండకింది ఊరివాళ్ళు. చేలల్లోంచి అట్లాగే వచ్చినట్టున్నారు, కాళ్ళకు ఎర్రమట్టి ఇంకా ఆరలేదు. అవ్వను ఇద్దరు పట్టుకొని దించారు. ఆయనను పడుకోబెట్టిన జనాజా లేపుతుండగా ఆమె కొడుకు సారు అన్నగారి దగ్గరికి వెళ్ళి, "అయ్యా, మమ్మల్నీ ఒక భుజం పట్టనీయండి" అన్నాడు. పెద్దాయన పక్కకు జరిగి తన చోటు ఇచ్చాడు.

ఆడవాళ్ళం గడప దగ్గరే ఆగాం. అవ్వ నా భుజం పట్టుకొని, "మెల్లింగా పోండిరా" అని కేకేసింది. తెల్లటి టోపీల మధ్య తలకు తువ్వాళ్ళు చుట్టుకున్న ఆ ఊరివాళ్ళు అడుగులో అడుగు కలిపి నడుస్తున్నారు. నాలుగడుగులకొకరు ముందుకు వచ్చి భుజం మార్చుకుంటున్నారు. వీధి మలుపు తిరిగేసరికి ఆయన ఎవరి భుజం మీద ఉన్నారో నాకు తెలియలేదు.